కండరాల బిగువు తగ్గించే మాత్ర: అమ్మకు కళ్లు తిరుగుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మెడ పట్టేసిందని మా అమ్మగారికి (68 ఏళ్లు) డాక్టరు గారు రాత్రిపూట టిజానిడిన్ 2 మి.గ్రా. మాత్ర రాశారు. రెండో రోజు తెల్లవారుజామున బాత్‌రూమ్‌కని లేచి, కళ్లు తిరిగి, తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. దీనితో పాటు జలుబు మాత్ర వేసుకోవచ్చా? అసలు ఈ మందు మానేయవచ్చా?

సమాధానం: కళ్లు తిరిగిన సంగతి ఈరోజే, రాత్రి మాత్ర వేసుకోకముందే, డాక్టరు గారికి చెప్పండి. టిజానిడిన్ కండరాల బిగువుతో పాటు రక్తపోటును కూడా తగ్గిస్తుంది కనుక, పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే తల తిరుగుతుంది. బీపీ మాత్రలు కూడా వాడుతున్నవారికి ఇది మరీ ఎక్కువ. మంచం అంచున కాళ్లు కిందికి పెట్టి, రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవమనండి. రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి. ఆ వయసులో మందు వల్ల కలిగే మత్తు కన్నా, ఆ మత్తులో పడి తుంటి ఎముక విరగడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

జలుబు మాత్రల్లో తరచుగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మత్తును పెంచుతుంది; అడగకుండా వేయకండి. మద్యం, నిద్రమాత్రలు, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర వంటివి తోడైతే శ్వాస కూడా మందగించవచ్చు. చాలామందికి తెలియనిది మరొకటి ఉంది: మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కని వేరొక డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే, అది కాలేయంలో టిజానిడిన్ విరిగిపోకుండా అడ్డుపడి, రక్తంలో దాని మోతాదును అనేక రెట్లు పెంచుతుంది. మానసిక కుంగుబాటుకు వాడే ఫ్లువోక్సమిన్ కూడా అంతే. ఈ రెండింటిలో దేనినీ టిజానిడిన్‌తో కలిపి వాడకూడదు. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి.

మానడం సంగతి కూడా డాక్టరు గారినే అడగండి. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడినవారు ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు ఒక్కసారిగా పెరగవచ్చు. కండరాల బిగువుకే వాడే మరో మందు బాక్లోఫెన్‌ను అలా ఆపితే లేనివి ఉన్నట్టు కనిపించడం, మూర్ఛ రావడం కూడా జరుగుతాయి.

మరొకరి ప్రశ్న: నాకు కండరాల బిగువుకు మెథోకార్బమాల్ రాశారు. మూత్రం ఆకుపచ్చగా వస్తోంది. ప్రమాదమా?

సమాధానం: ఆ మందుతో మూత్రం గోధుమ, నలుపు, ఆకుపచ్చ రంగుల్లోకి మారడం ఉంటుంది; రంగు ఒక్కటే మారితే కంగారు అక్కర్లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులవుతున్నా మాత్రం వెంటనే చూపించుకోవాలి. ఇక బండి విషయం: మందు మీకు ఎంత మత్తు కలిగిస్తుందో తేలే వరకు నడపకండి.