లేబర్ రూమ్‌కి ఏసీ పెట్టించాలా, ఇంకేమైనా కొనాలా?

కమిటీ మెంబర్: మాది తెలంగాణలో ఒక మండల కేంద్రం. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో ఈ మధ్యే నన్నూ వేశారు. ఒక దాత 3 లక్షలు ఇస్తానన్నాడు, కాన్పుల వార్డుకే వాడాలట. పెద్దమనుషులు ఏసీ, టైల్స్, గోడ మీద దాత పేరు అంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. పోయిన నెల మా చుట్టాలమ్మాయి నొప్పులతో వస్తే అర్ధరాత్రి పెద్దాసుపత్రికి రాసి పంపేశారు, దారిలో 108లోనే కాన్పయింది. ఇద్దరూ బాగున్నారు గానీ, అసలు తేడా ఎక్కడుంది? లోపల పనిచేసినవాళ్లు చెప్పండి.

నైట్ డ్యూటీ సిస్టర్: ఏసీ మాత్రం వద్దన్నా. తడితో పుట్టిన బిడ్డకి చల్లగాలి తగిలితే ఒళ్లు చల్లబడిపోతుంది, లేబర్ రూమ్ 25 డిగ్రీలకి తగ్గకూడదు. ఏదైనా కొనేముందు ఒక రాత్రి వెళ్లి చూడండి. బిడ్డకి ఊపిరి అందించే చేతి సంచి, అదే అంబూ బ్యాగ్, వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే బల్ల) పక్కనే ఉందా, బీరువాలో ఉందా? నేను చేసినచోట కొత్తది స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కింది, పోతే జీతంలో కోస్తారని బీరువాలో పెట్టి తాళం వేశారు, ఆ తాళం సాయంత్రం హెడ్ సిస్టర్‌తో ఇంటికెళ్లిపోయేది. ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి, తాళం కోసం ఎవరికి ఫోన్ చేస్తాం? తర్వాత ఫ్రిజ్ తెరవండి. రక్తం ఎక్కువ పోకుండా కాన్పవగానే ఇచ్చే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. మా దగ్గర అది కిటికీ పక్కన ట్రేలో, మా టిఫిన్ బాక్సులు ఫ్రిజ్‌లో. అబద్ధం ఎందుకు, పెట్టింది మేమే. ఇక రాత్రిపూట ఒక్కతే సిస్టర్ ఉంటే తల్లిని చూడాలా, బిడ్డని చూడాలా? రాసి పంపేది చేతగాక కాదన్నా, భయంతో.

కరీంనగర్ వాసి: సిస్టర్ గారి మాట నిజమే గానీ ఇంకోటి అడగండి. మన రాష్ట్రంలో 2017 నుంచి నర్సులకి 18 నెలల మిడ్‌వైఫ్ ట్రైనింగ్, అంటే మామూలు కాన్పులు చేయించే ట్రైనింగ్, ఇస్తున్నారు. మీకు అలాంటివాళ్లు ఉన్నారా, ఉంటే లేబర్ రూమ్‌లోనే వేశారా, వేరే వార్డుల్లో తిప్పుతున్నారా? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ప్రైవేటు కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే, ప్రభుత్వంలోనూ 44.5. టైల్స్ వేస్తే ఇది తగ్గదు.

ఇద్దరు పిల్లల అమ్మ: మా చిన్నోడు 1.6 కిలోలు. వాడు లోపల పెట్టెలో, నేను వరండాలో చాప మీద, పచ్చి కుట్లతో, పాల టైమ్‌కి పిలిస్తేనే లోపలికి. పదకొండో రోజు ఒక సిస్టర్ నన్ను కూర్చోబెట్టి వాడిని నా గుండెకి ఆనించి చీరతో కట్టింది, అప్పటిదాకా నాకు వాడి వాసన కూడా తెలియదు. తక్కువ బరువు పిల్లల్ని పుట్టగానే ఇలా తల్లి ఒంటికే ఆనిస్తే చావులు పాతిక శాతం తగ్గాయని 2021లో తేలింది, మన దేశంలో కూడా చేసిన పరిశోధనే. తల్లులు బిడ్డని అలా ఆనించుకుని కూర్చోడానికి వెనక్కి వాలే కుర్చీలు నాలుగు కొనండన్నా.

కమిటీ మెంబర్: నిన్న రాత్రి వెళ్లొచ్చాను. బ్యాగ్ ట్రేలోనే ఉంది, దానికున్న మాస్క్ మాత్రం పెద్దవాళ్లది. అది అక్కడ ఎన్నాళ్లుగా ఉందో డ్యూటీ సిస్టర్‌కే తెలియదు. పసిబిడ్డలకి సరిపోయే సున్నా, ఒకటి సైజు మాస్కులు రేపే తెప్పిస్తున్నాను, నా డబ్బుతోనే. కుర్చీల మీద పేరు రాయిస్తే దాత ఒప్పుకుంటాడేమో అడగాలి.