నికాన్ పాత డీ లెన్సులకు జెడ్ కెమెరా బాడీ మీద ఆటోఫోకస్ వచ్చే దారి ఉందా?

నమస్తే అందరికీ. మాది హనుమకొండ, పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. ఇప్పుడు నికాన్ డీ750 (డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా) వాడుతున్నాను. 85 ఎంఎం ఎఫ్/1.8డీ, 80-200 ఎఫ్/2.8డీ లెన్సులున్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ మిర్రర్‌లెస్ కెమెరా జెడ్6 తీసుకుందామంటే ఒక్క విషయం దగ్గర టెన్షన్‌గా ఉంది.

ఈ డీ లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు. డీ750 లాంటి బాడీలోని మోటారే చిన్న స్క్రూతో లెన్సును తిప్పుతుంది. జెడ్ బాడీల్లో గానీ, పాత లెన్సులను వాటికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో గానీ ఆ మోటారు లేదు. ఎపర్చర్, మీటరింగ్ పనిచేస్తాయి, ఫోకస్ మాత్రం చేత్తోనే. 1959 నుంచి నడిచిన ఎఫ్ మౌంట్‌ను (లెన్సు తగిలించే అమరికను) నమ్మి కొన్న లెన్సులు ఇవి. ఆ 85తో వచ్చే పోర్ట్రెయిట్లంటే నాకు ప్రాణం, అమ్మడానికి మనసొప్పట్లేదు.

రామప్ప గుడి శిల్పాలకైతే నిదానంగా ఫోకస్ చేసుకోవచ్చు. జీలకర్ర బెల్లం, తలంబ్రాల దగ్గర ఎట్లా? ఫోకస్ పీకింగ్ (ఫోకస్ పడిన అంచులను స్క్రీన్ మీద రంగుతో చూపించేది) పెట్టుకుని పెళ్లిళ్లు తీసినవాళ్లు ఉన్నారా? వేరే కంపెనీల మోటారు అడాప్టర్లు వాడినవాళ్లుంటే, ఫంక్షన్ హాల్ వెలుతురులో ఫోకస్ ఎంత వేగంగా పడుతుందో చెప్పండి. లేదంటే డీ750నే ఉంచుకుని, ముందు 85లో ఏఎఫ్-ఎస్ రకం (లెన్సులోనే మోటారు ఉన్నది) కొనడం మేలా?

వరంగల్ వైపు ఎవరి దగ్గరైనా జెడ్ బాడీ, ఎఫ్‌టీజెడ్ ఉంటే నా లెన్సులు తెచ్చి ఒకసారి పెట్టి చూస్తాను. మాఘమాసం ముహూర్తాలలోపు తేల్చుకోవాలి.