లుకేమియా చికిత్సలో ఉన్న నాలుగేళ్ల బాబు: ఇంట్లో ఎక్కడ పట్టు బిగించాలి, ఎక్కడ వదలాలి?

ప్రశ్న

నమస్కారం. మా బాబుకు నాలుగేళ్లు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు తొలి దశల్లో ఇచ్చే తీవ్రమైన కీమోథెరపీ పూర్తయి, ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా మందులు కొనసాగించే మెయింటెనెన్స్ దశలో ఉన్నాడు. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, మధ్యమధ్యలో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, దానితోపాటు ఐదు రోజులు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తున్నాం. ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఏం చేయాలో చెప్పడానికి ఎవరో ఒకరు ఉండేవారు; ఇంటికి వచ్చాక ప్రతి నిర్ణయమూ మా మీదే పడింది.

స్టెరాయిడ్ ఇచ్చే రోజుల్లో అర్ధరాత్రి లేచి ఆకలని ఏడుస్తాడు, అడిగింది వెంటనే అందకపోతే చేతికి దొరికినదాన్ని విసురుతాడు, ఏడేళ్ల అక్కను కొడతాడు. అంత బాధ పడివచ్చిన పిల్లవాడిని ఒక మాట అనడానికి నాకూ మావారికీ నోరు రావడం లేదు. పాప మాత్రం "వాడేం చేసినా మీరేమీ అనరు" అని ముభావంగా ఉంటోంది. మా అత్తగారేమో ఇంటికి ఎవరినీ రానివ్వవద్దని, వాడిని గడప దాటించవద్దని అంటున్నారు. ఏ విషయంలో గట్టిగా ఉండాలో, ఏది చూసీచూడనట్టు వదిలేయవచ్చో ఈ దారిలో నడిచినవారు చెప్పగలరా?

జవాబు (ఇదే చికిత్స పూర్తిచేసుకున్న పాప తండ్రి)

అమ్మా, మందులు, జ్వరం, చేతుల శుభ్రత, మందులు ఎక్కించడానికి ఛాతీలో అమర్చిన పోర్ట్ జాగ్రత్త, వీటిలో మా ఇంట్లో బేరసారాలు ఉండేవి కావు. ఒకరిని కొట్టడం కూడా అదే వరుసలో చేర్చాం. తిండి వేళలు, నిద్ర, బొమ్మలు సర్దడం వంటివి స్టెరాయిడ్ రోజుల్లో దాదాపుగా వదిలేసేవాళ్లం. పిల్లలు మన ముఖాలను బాగా చదువుతారు. నిన్నటిదాకా కాదన్న ప్రతిదానికీ ఈ రోజు సరేనంటే, తనకు ఏదో చాలా పెద్ద ఆపద వచ్చిందని వాళ్లు అనుకుంటారు. మామూలు నియమం మామూలుగా ఉండటమే వాళ్లకు ధైర్యం. కొట్టబోయినప్పుడు చెయ్యి పట్టుకుని "కొట్టకూడదు" అని ఒక్క మాట చెప్పి, పక్కకు తీసుకువెళితే చాలు. ఆ సమయంలో ఉపన్యాసం ఎవరి చెవికీ ఎక్కదు, పెద్దవాళ్ల చెవికి కూడా. స్టెరాయిడ్ ఆపిన కొద్ది రోజులకు చిరాకు చాలావరకు తగ్గుతుంది కాబట్టి ఆ రోజుల్లో చుట్టాల రాకపోకలు పెట్టుకోకపోవడం మంచిది.

మీ పాపకు ఈ జబ్బు అంటుకునేది కాదని, తమ్ముడితో పోట్లాడటం వల్ల వచ్చింది కాదని విడమరచి చెప్పండి. ఆ వయసు పిల్లల్లో చాలామంది అలా భయపడతారు, పైకి మాత్రం అడగరు.

జవాబు (పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేసే నర్సు)

జ్వరం విషయం ముందు చెబుతాను. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే ఏ వేళైనా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. మీ వైద్యులు వేరే అంకె రాసిచ్చి ఉంటే అదే పాటించండి. ముందే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకండి, అది జ్వరాన్ని దాచేస్తుంది. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ అడగకుండా ఇవ్వవద్దు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే కాబట్టి అది ఏ రోజో (సోమవారమో, మంగళవారమో) కాగితం మీద రాసి అందరికీ కనిపించేచోట పెట్టండి. పొరపాటున రోజూ ఇస్తే ప్రాణాపాయం. మందు వాంతి అయితే మీ అంతట మీరు మళ్లీ వేయకుండా అడగండి. మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్ మాత్రలను చేతి తొడుగులు వేసుకుని తాకాలి, గర్భిణులు తాకకూడదు.

ఇక అత్తగారి మాట. ఆమె భయం సగం న్యాయమైనదే. దగ్గు, జలుబు ఉన్నవారు రాకూడదు. ఆరోగ్యంగా ఉన్నవారు చేతులు కడుక్కుని రావచ్చు. న్యూట్రోఫిల్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) సంఖ్య బాగున్నప్పుడు బయట ఆడుకోవడానికి మీ వైద్యులు సాధారణంగా ఒప్పుకుంటారు. ఆటలమ్మ వచ్చినవారి దగ్గరకు బాబు వెళ్లినట్టు తెలిస్తే, ఒంటిమీద పొక్కులు కనిపించేదాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి. జీవ టీకాలు, అంటే బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసినవి, ఇప్పుడు బాబుకు వేయించకూడదు. ఇంట్లో మరో పిల్లకు పోలియో టీకా కావాలంటే చుక్కల మందు వద్దు, ఇంజెక్షన్ అడగండి.

జవాబు (మరొక తల్లి)

పైన తండ్రిగారు చెప్పినదానితో ఒక్కచోట నాకు పేచీ ఉంది. ప్రతి మంకుపట్టూ స్టెరాయిడ్ కోపం కాదు. విన్‌క్రిస్టిన్ తర్వాత కాళ్ల నొప్పి, దవడ నొప్పి, మలబద్ధకం వస్తాయి. నాలుగేళ్ల పిల్లవాడు "నాకు దవడ లాగుతోంది" అని చెప్పడు, గిన్నె విసురుతాడు. ముందు నొప్పి ఉందేమో చూసి, ఆ తర్వాత క్రమశిక్షణ గురించి ఆలోచించండి. మందు వేసుకోవాలా వద్దా అన్నది వాడి చేతిలో పెట్టకండి గానీ, ఏ గ్లాసుతో తాగాలో, ఎవరి ఒళ్లో కూర్చోవాలో వాడినే నిర్ణయించనివ్వండి. అంతకాలం వాడి ఒంటికి సంబంధించిన ప్రతిదీ ఎవరో ఒకరు నిర్ణయించారు కదా. అత్తగారిని ఈసారి ఆసుపత్రికి మీతో తీసుకువెళ్లి, ఆమె సందేహాలు డాక్టరునే అడగనివ్వండి. కోడలి నోట వినడం వేరు, అక్కడ వినడం వేరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మెథోట్రెక్సేట్ ఇచ్చే రోజు పేరు రాసి గోడకు అంటించాం, అత్తగారు కూడా ఆసుపత్రికి వస్తానన్నారు. నొప్పి గురించి చదివాక గమనించాను: బాబు నడిచేటప్పుడు పాదం ముందుభాగం నేలకు రాసుకుంటోంది, మెట్ల దగ్గర తూలుతున్నాడు. ఇది నీరసమే అనుకున్నాం. వచ్చే పరీక్ష దాకా ఆగవచ్చా?

జవాబు (నర్సు)

ఆగకండి, రేపే ఫోన్ చేసి చెప్పండి. విన్‌క్రిస్టిన్ వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు పాదం అలాగే వాలుతుంది. తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే వైద్యులకు తెలియాలి. మోతాదు మార్చాలో లేదో వారే నిర్ణయిస్తారు, ఫిజియోథెరపీకీ పంపుతారు. అంతవరకు మెట్ల మీద చెయ్యి పట్టుకుని నడిపించండి. వీలైతే నడక వీడియో తీసి ఉంచండి. డాక్టరు గదిలో పిల్లలు తరచూ సరిగ్గానే నడిచి చూపిస్తారు.