కుడి కన్ను మూస్తే ఒప్పుకోని నాలుగేళ్ల పాపకు చూపు పరీక్ష ఎలా?

పాపకు అక్షరాలు రావు. అందుకే ఆపిల్, ఇల్లు, వృత్తం, చతురస్రం ఉన్న లియా (LEA) చార్టు, 3 మీటర్ల దూరం. నోటితో చెప్పక్కర్లేదు, చేతిలోని కార్డు మీద అదే బొమ్మ చూపిస్తే చాలు. ఎడమ కన్నుకు ప్యాచ్ అంటిస్తే కుడి కన్నుతో 6/9 వరుస (మామూలు చూపు 6/6, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువ) చూపిస్తోంది. కుడి కన్నుకు అంటిస్తే మాత్రం పీకేసి ఏడుస్తోంది. (చేత్తో మూస్తే వేళ్ల సందుల్లోంచి చూసేస్తారు, ప్యాచే మేలు.) ఒక్క కన్నుకే ఇంత పేచీ అంటే అది మొండితనం కాదు, ఎడమ కన్ను మందగించిందేమోనని భయం.

ఎడమ కన్ను విడి బొమ్మల్లో 6/12 పట్టింది గానీ నమ్మలేం. లేజీ ఐ (మెదడు ఒక కన్నును సరిగా వాడుకోక దాని చూపు మందగించడం) ఉంటే విడి బొమ్మ సులువుగా తెలుస్తుంది, పక్కపక్కన ఉంటే తడబడుతుంది. ప్యాచ్‌తో వరుస చదివించే ఉపాయం ఏమైనా ఉందా?

చుక్కలు వేసి రెటినోస్కోపీ (కంట్లోకి వెలుగు వేసి పవర్ కొలిచే పరీక్ష) ఎలాగూ తప్పదు. మెల్లకన్ను లేదు. నల్ల కనుపాపలకు సైక్లోపెంటోలేట్ 1 శాతం చుక్కలు సరిపోతాయా, కన్ను ఫోకస్ బిగించి ప్లస్ పవర్‌ను దాచేయకుండా ఇంకా గట్టి చుక్కలైన అట్రోపినే వేయించాలా? అట్రోపిన్ మసక వారం పైనే ఉంటుంది, జ్వరం కూడా రావొచ్చు. పిల్లల కంటి పరీక్షలు చేసేవాళ్లు దయచేసి చెప్పండి.