అప్‌డేట్: నా డిప్రెషన్ మెదడు జబ్బా, బతుకు దెబ్బా?

నాన్న పోయాక మొదలైన నా డిప్రెషన్ మెదడులో రసాయనాల తేడానా, ఉత్త దుఃఖమేనా అని రెండు నెలల కిందట అడిగాను కదా. డాక్టర్ దగ్గరికి వెళ్లాను. స్కాన్ రాస్తారనుకుంటే థైరాయిడ్ టెస్ట్ రాశారు, అది నార్మల్. డిప్రెషన్‌ను తేల్చి చెప్పే స్కాన్ ఇప్పటికీ లేదట! మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే డిప్రెషన్‌కు కారణమనడానికి గట్టి ఆధారం లేదని 2022లో ఒక పెద్ద పరిశోధనా సమీక్ష కూడా చెప్పింది. అలాగని డాక్టర్ రాసిన డిప్రెషన్ మందు దండగ అనను (నేనూ మొదట అలాగే వాదించాను). మూడో వారానికి నిద్ర పట్టింది. నిద్ర పట్టాకే కౌన్సెలింగ్‌లో నోరు పెగిలింది. నాన్న నంబర్ డిలీట్ చేయబోయి, వేలు ఆడక, అక్కడే భోరుమన్నాను. కోలుకున్నాక కూడా ఆరు నెలలు మందు ఆపొద్దన్నారు. నంబర్ ఇంకా ఫోన్‌లోనే ఉంది.