సెనెద్‌లో మా సమస్య మీద ప్రశ్న అడిగారు, మంత్రి జవాబే చెప్పలేదు. ఇక అడగడం దేనికి?

న్యూపోర్ట్_శీను:
అందరికీ నమస్కారం. మేం న్యూపోర్ట్‌లో ఉంటాం, వచ్చి నాలుగేళ్లయింది. మా ఆవిడకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని ఆపరేషన్ రాశారు, రాసి ఇరవై నెలలు. ఫోన్ చేసినప్పుడల్లా "మీరు లిస్టులో ఉన్నారు" అంటారు. ఆ లిస్టు ఎంత పొడుగో, మేం తల దగ్గరున్నామో తోక దగ్గరున్నామో మాత్రం చెప్పరు. రాత్రి నొప్పి మొదలైతే పడుకోలేక వంటింటి గట్టు పట్టుకుని నిలబడే ఉంటుంది.

ఆఫీసులో ఒకాయన చెబితే సెనెద్‌లో, అదే కార్డిఫ్ బేలో ఉన్న వేల్స్ పార్లమెంటులో, మా ఏరియా ప్రతిపక్ష సభ్యుడికి మెయిల్ పెట్టాను. మీ పేరు రాకుండా సభలో అడుగుతాం, ఫలానా బుధవారం వచ్చి చూడండి అన్నారు. సెలవు పెట్టుకుని ఇద్దరం వెళ్లాం. పైన గ్యాలరీ, మధ్యలో గాజు, కింద గుండ్రంగా కూర్చున్న సభ్యులు, ఒక్కొక్కరి ముందు ఒక కంప్యూటర్. ఎవరైనా వెల్ష్‌లో మాట్లాడితే హెడ్‌ఫోన్‌లో ఇంగ్లీష్ వస్తోంది. మా సభ్యుడు లేచి నిమిషంన్నర గట్టిగానే మాట్లాడాడు. మంత్రి రంగు చీటీలు అంటించిన లావుపాటి ఫైలు తిరగేసి, ఇంతకాలం ఆగాల్సి రావడం ఆమోదయోగ్యం కాదని, అదనంగా డబ్బు ఇచ్చామని, అంకెలు తగ్గుతున్నాయని చెప్పి కూర్చున్నాడు. వెంటనే ఇంకో ప్రశ్న. మా ఆవిడ నా వైపు తిరిగి "అయిపోయిందా?" అంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఈ తంతు ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_గాలి:
అన్నా, కనీసం మైకు కట్ చేయలేదు కదా, సంతోషించు 😀

బే_దగ్గర_బాబాయ్:
శీనూ, ముందు అమ్మాయికి త్వరగా తగ్గాలి. రాత్రి నొప్పితో పాటు జ్వరం గానీ కళ్లు పచ్చబడటం గానీ ఉంటే లిస్టు సంగతి పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లు, అది ఆగే విషయం కాదు.

ఇక నీ ప్రశ్న. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాను, రిటైరయ్యాక కాలక్షేపానికి ఆ గ్యాలరీలో కూర్చునే అలవాటు పడింది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టు.

నువ్వు చూసింది ఒక ప్రశ్న కాదు, రెండు. మొదటిది కొన్ని రోజుల ముందే రాసి ఇచ్చేది, "తూర్పు వేల్స్‌లో ఆపరేషన్ల నిరీక్షణపై మంత్రి ప్రకటన చేస్తారా" అన్నట్టు కావాలనే వెడల్పుగా ఉంచుతారు. దానికి మంత్రి చదివేది అధికారులు రాసిచ్చిన కాగితం. ఆ తర్వాత సభ్యుడు మళ్లీ లేచి అడుగుతాడు చూడు, అసలుది అదీ, అది మంత్రికి ముందుగా తెలియదు. మన అసెంబ్లీలో నక్షత్రం గుర్తు ప్రశ్నకి అనుబంధ ప్రశ్నలు వేస్తారే, అలాంటిదే అనుకో. ఏ వైపు నుంచి వస్తుందో తెలియకే ఆ లావు ఫైలు, ఆ చీటీలు.

ఇప్పుడు చెప్పు, నిమిషంన్నరలో మీ సభ్యుడు ఎన్ని అడిగాడు? నాకు తెలిసి కనీసం మూడు నాలుగు ఉంటాయి. అక్కడే పోయింది. నాలుగు ఒకేసారి వేస్తే మంత్రికి పండగే, తేలికైనది ఏరుకుని మిగతా మూడు మింగేస్తాడు. నేను చూసినంతలో మంత్రిని ఇబ్బంది పెట్టేవి చిన్న ప్రశ్నలే. ఒక ఆసుపత్రి, ఒక తేదీ, ఒక అంకె, అంతే. "మార్చి ఆఖరుకి అవుతుందా, అవదా?" అని అడిగి కూర్చుంటే సభంతా ఆయన మొహం వైపు చూస్తుంది, తప్పించుకున్నా అందరికీ కనపడుతుంది, రికార్డులో కూడా అలాగే పడుతుంది.

మామూలు సభ్యుడికి ఆ ఒక్క అనుబంధమే. పార్టీ నాయకులకైతే మంగళవారం మధ్యాహ్నం ఫస్ట్ మినిస్టర్‌ని, అంటే ఇక్కడి ముఖ్యమంత్రిని, నోటీసు లేకుండా వరసగా అడిగే వీలుంది, కాబట్టి తప్పించుకున్న చోటే మళ్లీ పట్టుకోవచ్చు. 2024లో ఫస్ట్ మినిస్టర్‌గా ఉన్న వాన్ గెథింగ్ సంగతి గుర్తుందా? పర్యావరణ కేసుల్లో శిక్ష పడిన వ్యాపారి కంపెనీ నుంచి లేబర్ పార్టీ నాయకత్వ పోటీకి 2,00,000 పౌండ్ల విరాళం తీసుకున్నాడని కన్జర్వేటివ్ నాయకుడు ఆండ్రూ ఆర్‌టీ డేవిస్, వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రి నాయకుడు రిన్ అప్ యోర్వెర్త్ ఆ విషయం వదల్లేదు. నియమాల ప్రకారమే తీసుకున్నానని ఆయన. వారం వారం అదే ప్రశ్న, అదే జవాబు, చూసేవాళ్లకి విసుగు. కానీ ఆ విసుగులోనే ఆయన పరపతి తగ్గిపోయింది. జూన్ 5న అవిశ్వాసం 29-27తో నెగ్గింది, అయినా దిగనన్నాడు, జూలై 16న సొంత మంత్రులు నలుగురు రాజీనామా చేస్తే అప్పుడు దిగాడు.

ఇంకోటి, సభలో జరిగేది సగమే. మంత్రిని కమిటీ గదిలో కూర్చోబెట్టి గంటకి పైగా అడుగుతారు, అక్కడ చప్పట్లుండవు, తప్పించుకోడానికి చోటూ తక్కువే. అది చూడ్డానికి మాత్రం ఎవరూ రారు, నాలాంటి పనిలేనివాళ్లు తప్ప.

స్వాన్సీ_సూటిమాట:
బాబాయ్ గారూ, గౌరవంగానే విభేదిస్తున్నా. మంత్రులని అంటాం గానీ అడిగేవాళ్లు మాత్రం తక్కువా? సగం ప్రశ్నలు సాయంత్రం ఫోన్లలో తిప్పే వీడియో కోసమే. అడిగాక జవాబు వినకుండా తల దించుకుని ఏదో టైప్ చేసుకునేవాళ్లని నేనే చూశాను. ఊళ్లలో రోడ్ల మీద గంటకి 20 మైళ్ల స్పీడ్ లిమిట్ తీసుకోండి, 2023 సెప్టెంబర్ 17న వచ్చింది, అప్పటి నుంచి ప్రతిపక్షం అరవని వారం లేదు, ప్రభుత్వం కదిలిందా? దగ్గర దగ్గర 4,70,000 మంది పిటిషన్ మీద సంతకం పెట్టాకే కొన్ని రోడ్ల మీద మళ్లీ ఆలోచిస్తామన్నారు. నా లెక్కలో పని చేసింది సంతకాలు, ప్రశ్నలు కాదు.

పైగా 1999లో ఈ సభ మొదలైనప్పటి నుంచి 2025 దాకా ప్రభుత్వం నడిపింది లేబరే, ఒక్కోసారి పొత్తుతో, అంతే. పాతికేళ్లు ఒకే వైపు కూర్చున్నవాళ్లకి ఎదుటివాళ్ల ప్రశ్న వానాకాలంలో చినుకు లాంటిది.

బే_దగ్గర_బాబాయ్:
సంతకాల మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ ఆ సంతకాలని సభలో ఎత్తి చూపడానికీ ఒక నోరు కావాలి కదా.

వ్రెక్సామ్_వసంత:
ఇద్దరూ ఒకటి మర్చిపోతున్నారు, ఇక్కడ లెక్కే వేరు. 2021 ఎన్నికల్లో 60 సీట్లకి లేబర్‌కి వచ్చినవి సరిగ్గా 30, అంటే సగం, మెజారిటీ రాలేదు. లిబరల్ డెమోక్రాట్ పార్టీ నుంచి అప్పుడు గెలిచింది ఒకే ఒక్క సభ్యురాలు, జేన్ డాడ్స్. మన ఊళ్లో అయితే ఒక్క సీటు పార్టీ అంటే నవ్వుతారు. 2025 మార్చిలో బడ్జెట్ ఓటుకి ఆవిడ తటస్థంగా ఉండటం వల్లే 29-28తో గట్టెక్కింది, దానికి బదులుగా యువతకి పౌండు బస్సు టికెట్, గ్రేహౌండ్ కుక్కల పందేలపై నిషేధం లాంటివి ఒప్పించుకుంది. ఎప్పుడు ఎవరి ఓటు అవసరమవుతుందో తెలియని చోట ప్రతిపక్షం ప్రశ్నని మంత్రి పూర్తిగా కొట్టిపారేయలేడు.

గుంటూరు_గాలి, మైకు గురించి అన్నావు కదా, ఇక్కడా బయటికి పంపిన కేసుంది. 2004లో లియాన్ వుడ్ అనే ప్లైడ్ సభ్యురాలు రాణిగారిని "మిసెస్ విండ్సర్" అంది, ఆ మాట వెనక్కి తీసుకోనంది, సభాధ్యక్షుడు బయటికి పొమ్మన్నాడు. తర్వాత ఆవిడే పార్టీ నాయకురాలైంది. (సభాధ్యక్షుడిని వెల్ష్‌లో ఏమంటారో ఇక్కడ రాయడం నా వల్ల కాదు, ఆ మొదటి అక్షరం పలకడానికి నాలుక పక్కల నుంచి గాలి వదలాలి.)

శీను గారూ, మీరు చేయాల్సింది చెప్తా. 2026 మే ఎన్నికల దాకా మీకు ఒక్క సభ్యుడు కాదు, ఐదుగురు, నియోజకవర్గానికి ఒకరు, ప్రాంతానికి నలుగురు. వేరే పార్టీ వాళ్లకీ రాయండి. రాతపూర్వక ప్రశ్న వేయమని అడగండి, దానికి జవాబు కాగితం మీద వస్తుంది, సభలో ఏదో చెప్పి కూర్చున్నంత తేలిగ్గా దాటేయలేరు. మీ హెల్త్ బోర్డులో, అంటే మీ ఏరియా ప్రభుత్వ ఆసుపత్రుల్ని నడిపే సంస్థలో, ఈ ఆపరేషన్‌కి ఏడాది పైన ఎంతమంది, రెండేళ్ల పైన ఎంతమంది అని, అంతే, ఇంకేం కలపొద్దు. రెండేళ్లు దాటినవాళ్లని 2025 మార్చికల్లా 8,000కి దించుతామన్నారు, ఆ గీత తాకలేదు, కాబట్టి ఆ రెండేళ్ల అంకె అంటే వాళ్లకి కాస్త టెన్షనే. విడిగా మీ కేసు గురించి హెల్త్ బోర్డుకి ఉత్తరం రాయమని కూడా ఆ సభ్యుల ఆఫీసునే అడగండి. సభలో ప్రశ్న అందరి కోసం, ఉత్తరం మీ కోసం, రెండూ కలిపేస్తే రెండూ పోతాయి.

న్యూపోర్ట్_శీను:
బాబాయ్ గారూ, వీడియో మళ్లీ పెట్టి లెక్కపెట్టాను. ఐదు అడిగాడు, డబ్బు గురించి, నర్సుల గురించి, అంబులెన్స్‌ల గురించి కూడా. మంత్రి పట్టుకున్నది డబ్బు ఒక్కటే. మా ఆవిడ సంగతి మూడోది.

వసంత గారూ, నిన్ననే ఇంకో ఇద్దరికి రాశాను. ఒకరి ఆఫీసు అప్పుడే హాస్పిటల్ నంబర్, రిఫర్ చేసిన తేదీ అడిగింది, ఉత్తరం వేస్తామంది. ఒక డౌటు, మాది ఇండియన్ పాస్‌పోర్టే, ఓటు లేనివాళ్లం కదా అని ఏమైనా అనుకుంటారా?

వ్రెక్సామ్_వసంత:
ఓటు లేదని ఎవరన్నారు? వేల్స్‌లో చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకీ సెనెద్ ఎన్నికల్లో ఓటుంది, వయసు 16 నిండితే చాలు. కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోండి. 2026 మే ఎన్నికల నుంచి సీట్లు 96, నియోజకవర్గానికి ఆరుగురు చొప్పున, అంటే అప్పటి నుంచి మెయిల్ పెట్టాల్సింది ఆరుగురికి.

గుంటూరు_గాలి:
మా పెద్దాడికి జనవరిలో పదహారు నిండుతాయి. వాడికి ఓటుందని ఇంట్లో చెప్పనా వద్దా అని ఆలోచిస్తున్నా, ఇప్పటికే నన్ను రోజూ క్వశ్చన్ అవర్‌లో నిలబెడుతున్నాడు.