విద్యార్థులకు మానసిక వైద్యపు మందులు మితిమీరుతున్నాయా?

మలక్‌పేట అమ్మ:
మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. వాడుండే హాస్టల్లో తెల్లవారుజామున అయిదింటికి మొదలైన చదువు రాత్రి పదకొండుకు గాని ముగియదు. నిద్ర పట్టడం లేదంటే డాక్టరుకు చూపించాం. ఎన్ని గంటలు పడుకుంటున్నావని కూడా అడగకుండా అల్ప్రాజొలామ్ అనే మత్తు మాత్ర రాశారు. నాలుగు నెలలయింది. పండక్కి ఇంటికొస్తే మొన్న రాత్రి మాత్రలు దాచేశాను. తెల్లవార్లూ మేలుకునే ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి. చదువుకునే పిల్లలకు ఈ మందులు రాయడమే మానాలి.

అశోక్‌నగర్ అభ్యర్థి:
అమ్మా, అన్ని మందులనూ ఒకే గాటన కట్టకండి. గ్రూప్స్‌కు చదువుతున్నప్పుడు నాకు డిప్రెషన్ వచ్చింది. పేజీ తిప్పేవాణ్ణి, ఒక్క ముక్క తలకెక్కేది కాదు. అన్నం సయించేది కాదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్తానంటే మా నాన్న, "నీకేమైనా పిచ్చా?" అని రెండు నెలలు ఆపారు. ఆ రెండు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు. చివరికి వెళ్లాను, ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు ఇచ్చారు. మూడు వారాలదాకా తేడా తెలియలేదు. ఇది అల్ప్రాజొలామ్‌లా వెంటనే మత్తు కమ్మించే మందు కాదు. ఇలాంటి డిప్రెషన్ మందులు వాడిన మొదట్లో కుర్రవాళ్లలో చావు ఆలోచనలు పెరగవచ్చని 2004లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అందుకే మా డాక్టరు వారం వారం రమ్మన్నారు. ఆ మందే లేకపోతే ఈ మాటలు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

దిల్‌సుఖ్‌నగర్ ఫార్మసిస్టు:
అల్ప్రాజొలామ్ 2014 నుంచి హెచ్1 షెడ్యూల్లో, అంటే అమ్మకంపై గట్టి నిబంధనలున్న మందుల జాబితాలో ఉంది. చీటీ చూసి ఇవ్వాలి, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. అయినా పరీక్షల ముందు ఒకే పాత చీటీ ఫోటో పట్టుకుని గదిలోని నలుగురూ వస్తారు. నేను ఇవ్వను. ఇచ్చేవాళ్లు ఉన్నారు, అదే నా బాధ.
అమ్మా, ముఖ్యమైన మాట: నెలల తరబడి వాడిన ఆ మాత్రను ఒక్కసారిగా ఆపకూడదు, మూర్ఛ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ రోజే సైకియాట్రిస్టుకు చూపించండి. ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉంటుంది.

మలక్‌పేట అమ్మ:
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు బాబూ. వెంటనే బయలుదేరుతున్నాం. రాయడమే మానాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సెలవులయ్యాక వాడు మళ్లీ ఆ అయిదింటి గంటకే లేవాలి కదా. దాని గురించి మీరిద్దరూ ఏమీ అనలేదు.